సీసా మీది ఆకుపచ్చ చుక్క

ఈ నెల చలికాలపు దగ్గుల గురించి రాద్దామనుకున్నాము. ఇంతలో ఈపూరు నుండి ఒక చెల్లెలి ఉత్తరం వచ్చింది. అది చదివిన తర్వాత దగ్గుల సంగతి వచ్చే నెలకు వాయిదా వేయక తప్పలేదు.

ఉత్తరంలోని సంగతి ఇది. ఆమె తల్లికి అరవై దాటాయి. ఎనిమిదేళ్ళుగా షుగరు ఉంది. డాక్టరుగారు రాసిచ్చిన బిళ్ళలు పొద్దున, సాయంత్రం తప్పకుండా మింగే మనిషి. ఒక ఆదివారం ఆరాధన ముగిసిన తర్వాత, మందిరం ఆవరణలోనే, తెలిసినవారొకరు ఆమెను పక్కకు పిలిచి ఒక సీసా చూపించారట. అందులో మునగాకు, పసుపు, ఉసిరి పొడి నింపిన గొట్టపు మాత్రలు ఉన్నాయి. ఖరీదు 1,450 రూపాయలు. "ఇది మందు కాదమ్మా, ఆర్గానిక్. రసాయనం ఒక్క చుక్క లేదు. ఆ ఇంగ్లీషు బిళ్ళలే నీ కిడ్నీలను పాడుచేసేది" అన్నారట. నమ్మకం కలగడానికి సీసా మీది ఆకుపచ్చ చుక్కను వేలితో చూపించి, "ఇదిగో, ఇదే ఆర్గానిక్ గుర్తు" అని కూడా చెప్పారట.

ఆ తల్లి నమ్మింది. మన సంఘంలోని మనిషి కదా, మనకు కీడు చేస్తాడా అనుకుంది. బిళ్ళలు మానేసింది. ఇరవై రోజులు తిరిగేసరికి కాలి బొటనవేలి పక్కన పుండు లేచింది. మిరపకాయల కోతలో ఏదో గీసుకుని ఉంటుందిలే అనుకున్నారు. అది మానకపోగా పెరిగింది. ఆస్పత్రికి తీసుకువెళ్ళి పరీక్ష చేయిస్తే షుగరు నాలుగు వందలు దాటి ఉంది. డాక్టరుగారు ఇంకో వారం ఆలస్యమైతే వేలు తీసేయవలసి వచ్చేదన్నారట.

ఆ చెల్లెలు ఎవరి మీదా నిందలు రాయలేదు. సీసా ముందువైపు, వెనకవైపు ఫోటోలు తీసి పంపి, "దీని మీద ఉన్న ఇంగ్లీషు మేము చదవలేకపోయాము, చదివి చెప్పండి" అని మాత్రమే అడిగింది. అడిగింది చిన్న సంగతే. అయితే మా బల్ల ముందు కూర్చుని ఆ అక్షరాలను ఒక్కొక్కటి చదువుతుంటే, ఇది ఆ ఒక్క ఇంటి సంగతి కాదనిపించింది. ఇలాంటి సీసాలు ఇప్పుడు మన గ్రామాలలో చాలా ఇళ్ళ అలమరాలలో ఉన్నాయి.

ముందుగా మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కిందటేడు ఇదే శీర్షికలో కూరగాయల గురించి రాస్తూ, "వీలైతే ఆర్గానిక్‌వి కొనండి" అని ఒక్క వాక్యం రాసి ఊరుకున్నాము. ఆర్గానిక్ అంటే ఏమిటో, ఆ మాట ఎవరు అనవచ్చో, ఎవరు అనకూడదో రాయలేదు. ఈ నెల ఆ లోటు తీర్చడానికి ప్రయత్నిస్తాము.

ఆకుపచ్చ చుక్కతో మొదలుపెడదాము. చిన్న చతురస్రపు గడిలో ఆకుపచ్చ చుక్క ఉంటే, ఆ వస్తువు శాకాహారమని అర్థం. అంతే. బిస్కెట్ల మీదా, చాక్లెట్ల మీదా, చివరకు సేమియా పొట్లం మీదా ఆ చుక్క ఉంటుంది. దానికీ ఆర్గానిక్‌కూ ఏ సంబంధమూ లేదు. ఈ సీసా విషయంలో ఆ చుక్క చెప్పేదేమంటే, మాత్ర గొట్టాన్ని కూడా చెట్ల పదార్థంతోనే చేశారని. చాలా మాత్రల గొట్టాలు పశువుల ఎముకల నుండి, చర్మం నుండి తీసే జెలటిన్‌తో చేస్తారు. అప్పుడు లోపల ఉన్నది మునగాకే అయినా సీసా మీద గోధుమరంగు మాంసాహార గుర్తు వేయాలి.

ఇక "ఆర్గానిక్" అనే మాట. ఈపూరు పొలాలు చూసినవారికి ఈ మాట బరువు తెలుస్తుంది. సాగర్ కుడి కాలువ నీటి కింద మిరప, పత్తి వేసే రైతులకు పురుగు మందు అంటే ఏమిటో మేము చెప్పనక్కరలేదు. 2021-22 పంట కాలంలో నల్ల తామర పురుగు మిరప పూతను తినేసినప్పుడు, ఎన్ని మందులు మార్చి మార్చి కొట్టినా తోటలు నిలవక ఎందరు రైతులు కన్నీళ్ళు పెట్టుకున్నారో పల్నాడు మరచిపోలేదు. అలాంటి చోట ఒక రైతు "నేను మందు కొట్టను" అని నిలబడడం చిన్న విషయం కాదు. నిలబడ్డాడని నలుగురికీ రుజువు చేయడం ఇంకా కష్టం. ఆ రుజువునే సేంద్రియ ధ్రువీకరణ, అంటే ఆర్గానిక్ సర్టిఫికెట్ అంటారు.

మన దేశంలో దానికి రెండు దారులున్నాయి. ఒకటి 2001లో కేంద్ర వాణిజ్య శాఖ మొదలుపెట్టిన జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం. దీనిని అపెడా అనే సంస్థ నడుపుతుంది. ఇందులో రైతుకూ, కొనేవాడికీ సంబంధం లేని మూడో సంస్థ ఒకటి వచ్చి పొలం తనిఖీ చేస్తుంది. ఏటేటా వేసే పంటలకైతే విత్తడానికి ముందు రెండేళ్ళు, తోటలకైతే కోతకు ముందు మూడేళ్ళు ఆ నేల మీద రసాయన ఎరువులు, పురుగు మందులు వాడకుండా ఉండాలి. ఆ మధ్య కాలాన్ని మార్పిడి కాలమంటారు. పక్క పొలంలో కొట్టే మందు గాలికి కొట్టుకు రాకుండా గట్టున అడ్డు ఉండాలి. విత్తనం ఎక్కడిది, ఎరువు ఎక్కడిది, ఎన్ని బస్తాలు పండాయి, ఎవరికి అమ్మారు, అన్నీ పుస్తకంలో రాసి ఉంచాలి. ఎకరంలో ఎన్ని బస్తాలు పండుతాయో తనిఖీదారుకు తెలుసు. అంతకు మించి అమ్మినట్టు లెక్క కనబడితే బయటి సరుకు కలిపారని పట్టుకుంటాడు.

రెండో దారి చిన్న రైతులకు అనువైనది. దానిని పి.జి.ఎస్. ఇండియా అంటారు. ఒక ఊరివారో, పక్కపక్క ఊళ్ళవారో కనీసం అయిదుగురు రైతులు జట్టు కట్టి, ప్రమాణం చేసి, ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకుంటారు. పెద్ద ఖర్చు ఉండదు. ఈ ముద్ర వేసిన సరుకు మన దేశంలో అమ్ముకోవడానికి పనికివస్తుంది. ఇంకా మార్పిడి కాలంలో ఉన్నవారికి "పి.జి.ఎస్. ఇండియా గ్రీన్" అని, పూర్తయినవారికి "పి.జి.ఎస్. ఇండియా ఆర్గానిక్" అని వేర్వేరు గుర్తులున్నాయి. గ్రీన్ అనే మాట చూసి అదే ఆర్గానిక్ అనుకునేవారు చాలామంది.

ఈ రెంటిలో ఏదో ఒకటి లేకుండా దుకాణాలలో పొట్లం కట్టి అమ్మే ఆహారం మీద "ఆర్గానిక్" అని రాయకూడదని 2017లో ఆహార భద్రతా సంస్థ, అంటే ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ., నిబంధనలు చేసింది. అవి 2018 జూలై నుండి అమలులో ఉన్నాయి. చిన్న రైతు తన పొలంలో పండించినది తానే నేరుగా మన చేతిలో పెట్టి అమ్మితే అతనికి సర్టిఫికెట్ నుండి మినహాయింపు ఇచ్చారు. అది న్యాయమే. మన వీధిలో కాకరకాయలు అమ్మే పెద్దాయనను సర్టిఫికెట్ చూపమని ఎవరడుగుతారు? ఆయన తోట మనకు తెలుసు, ఆయన తెలుసు. సీసాలో నింపి, మూత బిగించి, మూడు చేతులు మారి వచ్చే సరుకు సంగతి వేరు.

ఆ చేతుల సంగతే చాలామంది గమనించరు. మునగాకు పొడినే చూడండి. ఆకు కోసిన తోటకు సర్టిఫికెట్ ఉండవచ్చు. ఆకును ఆరబెట్టి పొడి కొట్టిన కార్ఖానాకూ ఉండాలి. ఆ పొడిని గొట్టాల్లో నింపి సీసాకెత్తినవారికీ ఉండాలి. సరుకు చేయి మారిన ప్రతిసారీ ఇంత తూకం, ఈ తోటది, ఈ తేదీన వెళ్ళిందని కాగితం కదలాలి. ఎక్కడ ఒక్క కొక్కెం ఊడినా ఆ తర్వాత "ఆర్గానిక్" అనే మాట నిలవదు. పైగా పసుపు, ఉసిరి, మునగ మూడూ కలిపారంటే మూడింటికీ ఈ లెక్క ఉండాలి. నీళ్ళు, ఉప్పు పక్కన పెట్టి, కలిపినవాటిలో నూటికి తొంభై అయిదు పాళ్ళు ధ్రువీకరించినవైతేనే ఆ వస్తువును ఆర్గానిక్ అని పిలవాలి.

ఈపూరు సీసా మీద ముందువైపు పెద్ద అక్షరాలతో ఆ మాట ఉంది. ఒక ఆకు బొమ్మ ఉంది. వెనకవైపు ఎంత వెతికినా ధ్రువీకరించిన సంస్థ పేరు లేదు, నంబరు లేదు, జైవిక్ భారత్ ముద్ర లేదు. జైవిక్ భారత్, ఇండియా ఆర్గానిక్ అని విడివిడిగా ఉన్న ముద్రలను కలిపి ఒక్కటి చేసే పని ఈమధ్య మొదలైంది కాబట్టి, పాత పొట్లం మీద ఒక బొమ్మ, కొత్త పొట్లం మీద మరో బొమ్మ కనబడవచ్చు. అందుచేత బొమ్మకంటే దాని పక్కన సంస్థ పేరు, సర్టిఫికెట్ నంబరు ఉన్నాయో లేదో చూసుకోండి. ఆకు బొమ్మ ఎవరైనా గీయగలరు.

ఆ సీసా మీద ఇంకేమున్నాయంటే "నేచురల్", "హెర్బల్", "కెమికల్ ఫ్రీ". ఈ మాటల వెనక ఏ తనిఖీదారూ లేడు. "జి.ఎం.పి." అని గుండ్రటి ముద్ర ఒకటి ఉంది, అది కార్ఖానా శుభ్రత, పని పద్ధతి గురించిన మాట, పొలం గురించి కాదు. పద్నాలుగు అంకెల ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. నంబరు ఉంది. "ప్రభుత్వ నంబరు ఉంది కదా" అని కూడా ఆ అమ్మినవారు చెప్పారట. ఆ నంబరు అప్పడాల పొట్లం మీదా ఉంటుంది. తయారీదారుకు ఆహారం తయారుచేసే అనుమతి ఉందని దాని అర్థం. ఈ వస్తువు ఫలానా జబ్బు తగ్గిస్తుందని ప్రభుత్వం ఒప్పుకున్నట్టు కాదు. ఇంట్లో చదువుకున్న పిల్లలుంటే ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. వారి ఫోస్కోస్ వెబ్‌సైటులో ఆ అంకెలు కొట్టించి, వచ్చే పేరూ సీసా మీది పేరూ ఒకటేనా చూడండి. ఆయుర్వేద మందైతే దాని మీద ఆ సంగతీ, మందుల చట్టం కింద ఇచ్చిన తయారీ లైసెన్సు నంబరూ ఉంటాయి. అది వేరే దారి. ఈ సీసా ఆ కోవలోది కాదు.

అసలు మాట సీసా అడుగున, చీమ తలంత అక్షరాలతో ఉంది. మా కళ్ళజోడుకు కూడా అందక భూతద్దం పెట్టి చదివాము. "హెల్త్ సప్లిమెంట్" అనీ, "నాట్ ఫర్ మెడిసినల్ యూజ్" అనీ ఉంది. అంటే, ఇది పోషకాలు చేర్చుకునే పదార్థం, మందుగా వాడేది కాదు అని. 2016లో చేసిన నిబంధనల ప్రకారం ఇలాంటి ప్రతి వస్తువు మీదా ఈ మాట రాసి తీరాలి. రకరకాల ఆహారం తినడానికి బదులుగా దీనిని వాడకూడదనీ, రోజుకు ఇంతకు మించి వాడకూడదనీ, పిల్లలకు అందకుండా ఉంచాలనీ కూడా రాయాలి. చూశారా? మందిరం ఆవరణలో నోటితో "బిళ్ళలు మానేయ్" అన్నారు. సీసా మీద తయారుచేసినవారే "ఇది మందు కాదు" అని రాసుకున్నారు. ఇంగ్లీషులో ఉండడం వల్ల ఆ తల్లికి మొదటి మాట ఒక్కటే చేరింది.

షుగరు తగ్గిస్తుందనో, కేన్సరు నయం చేస్తుందనో ప్రకటించడం 1954 నాటి చట్టం ప్రకారమే నేరం. ఆహార భద్రతా చట్టం కింద మోసపుచ్చే ప్రకటనకు పది లక్షల దాకా జరిమానా ఉంది. అందుకే కాగితం మీద ఎవరూ రాయరు. నోటి మాటగా చెబుతారు, వాట్సాప్‌లో తిప్పుతారు.

ఒక్క మాట మాత్రం ఇక్కడ గట్టిగా చెప్పాలి. ఒకవేళ ఆ సీసాకు అన్ని సర్టిఫికెట్లూ సక్రమంగా ఉన్నా, ఆ తల్లి కాలి పుండు ఆగేది కాదు. సేంద్రియ ముద్ర నేల గురించి చెప్పే సాక్ష్యం. పంట ఎలా పండిందో చెబుతుంది. అది మన ఒంట్లోకి వెళ్ళి ఏం చేస్తుందో చెప్పదు. ఇటలీలో 2019లో పసుపు మాత్రలు వాడిన కొందరికి కాలేయం వాచింది. అక్కడి అధికారులు ఆ మాత్రలలో కల్తీ ఉందేమోనని పరీక్షిస్తే కల్తీ దొరకలేదు. పసుపులోని సారాన్ని ఎక్కువ మోతాదులో తీసి, ఒంటికి బాగా పట్టేలా తయారుచేయడం కొందరి శరీరానికి పడలేదని అనుకున్నారు. ఆ మాత్రల మీద హెచ్చరిక ముద్రించాలని ఆ ప్రభుత్వం ఆదేశించింది. కూరలో చిటికెడు పసుపు వేరు, ఆ సారాన్ని గుప్పెడు మాత్రలుగా మింగడం వేరు. దుగ్గిరాల పసుపు తిని పెరిగిన మనకు కూర పసుపును చూసి భయపడవలసిన పని లేదు.

అలాగే అమెరికాలో ఉన్న పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు సీసాలు తెస్తుంటారు. వాటి మీద అక్కడి వ్యవసాయ శాఖ ఆర్గానిక్ ముద్ర గుండ్రంగా ఉంటుంది. అది నిజమైన ముద్రే. కాని అక్కడ కూడా 1994లో వచ్చిన చట్టం ప్రకారం ఇలాంటి మాత్రలను అమ్మకానికి పెట్టే ముందు అవి పనిచేస్తాయని ప్రభుత్వానికి రుజువు చేయనక్కరలేదు. ఈ మాటలను తమ మందుల శాఖ పరిశీలించలేదని సీసా వెనక వాళ్ళే రాస్తారు. మనవడు ప్రేమతో తెచ్చాడని మింగేముందు డాక్టరుగారికి ఒకసారి చూపించండి. ముఖ్యంగా షుగరుకు, బి.పి.కి, రక్తం గడ్డకట్టకుండా ఉండడానికి మందులు వాడేవారు, గర్భిణీలు.

పెరటి చెట్టు మందుకు పనికిరాదని మన సామెత. ఈపూరులో మునగ చెట్టు లేని వీధి ఉంటుందా? ఆ తల్లి ఇంటి వెనక కూడా ఉందని కూతురే రాసింది. ఆ ఆకును పప్పులో వేసుకుంటే డబ్బు ఖర్చు లేదు, సర్టిఫికెట్‌తో పని లేదు, మందు కొట్టారో లేదో మన కళ్ళకు తెలుసు. అది షుగరు బిళ్ళకు బదులు కాదు, మంచి కూర. 1,450 రూపాయలంటే ఆ ఇంట్లో ఎన్ని రోజుల మిరప కోత కూలి డబ్బులో ఆ కూతురు లెక్క వేసి రాసింది. మేము ఇక్కడ రాయడం లేదు, వాళ్ళ ఇంటి సంగతి అది.

రక్తహీనత విషయంలో కూడా ఇదే జరుగుతోంది. 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పదిహేను నుండి నలభై తొమ్మిదేళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తం తక్కువ. వారికోసం ఐరన్ మాత్రలు ఉప ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు. గర్భిణీలకు రోజూ ఒకటి చొప్పున నూట ఎనభై రోజులు. అవి మింగితే కడుపులో తిప్పుతుందని, విరేచనం నల్లగా అవుతుందని చూరులో దోపి, "ఆర్గానిక్ ఐరన్" అని వందలు పోసి కొనేవారిని మేము చూశాము. ఇనుము ఖనిజం. ఖనిజానికి సేంద్రియ సాగు ఎక్కడిది? మాత్రను అన్నం తిన్న తర్వాత వేసుకోండి, వెంటనే టీ తాగకండి, నిమ్మరసం తాగితే ఇంకా బాగా ఒంటికి పడుతుంది. తిప్పడం ఎక్కువైతే ఏ.ఎన్.ఎం.గారికి చెప్పండి, మానేయకండి.

సంఘ పెద్దలకు, కాపరులకు ఒక మనవి. ఆరాధన ముగిసిన తర్వాత మందిరం ఆవరణలో ఇలాంటి అమ్మకాలు జరగనివ్వకండి. అమ్మేవారు చెడ్డవారని మేము అనడం లేదు. చాలామంది తమ పైవారు చెప్పినది నమ్మి, ముందుగా తమ డబ్బే పెట్టి సరుకు కొని, అది వదిలించుకోలేక ఇంటింటికీ తిరుగుతున్నవారే. కాని అక్కడ ఆ తల్లి నమ్మింది సీసాను కాదు, ఆ ఆవరణను. మా పత్రికకు కూడా ఇలాంటి పొడి ప్రకటన ఒకటి, ముద్రణ ఖర్చులో మంచి భాగం వచ్చేంత డబ్బుతో వచ్చింది. ధ్రువీకరణ నంబరు పంపమని రాశాము. జవాబు రాలేదు. ప్రకటన వేయలేదు.

ఈపూరు చెల్లెలికి మేము రాసిన జవాబులో ఇవే సంగతులు కాస్త క్లుప్తంగా ఉన్నాయి. మిగిలిన సగం సీసాను ఏం చేయమంటారని ఆమె అడిగింది. పారవేయవద్దన్నాము. మూత బిగించి, పిల్లలకు అందకుండా, కొన్నప్పుడు ఫోనులో డబ్బు పంపిన రసీదుతో కలిపి దాచమన్నాము. బిల్లు ఇవ్వలేదట, ఆ రసీదే ఇప్పుడు బిల్లు. 1915 అనే వినియోగదారుల నంబరుకు ఫోను చేస్తే తెలుగులో మాట్లాడవచ్చు. ఆహార భద్రతా అధికారికి కూడా ఫిర్యాదు రాయవచ్చు. అప్పుడు సీసా మీది బ్యాచి నంబరు, తయారీ తేదీ, లైసెన్సు నంబరు కావాలి, అందుకే దాచమన్నది. మొన్న మళ్ళీ ఉత్తరం వచ్చింది. బిళ్ళలు మళ్ళీ మొదలుపెట్టారు, పుండుకు రెండు రోజులకొకసారి కట్టు మారుస్తున్నారు, అంచులు ఎర్రగా చిగురిస్తున్నాయట. ఫిర్యాదు చేయాలా వద్దా అని ఇంట్లో ఇంకా తేలలేదు, అమ్మినాయన వచ్చే ఆదివారం కూడా ఎదురుపడతాడు కదా అని తల్లి వెనకాడుతోందట.